గోడ వెనక కూత

ఇన్నేళ్లుగా నా గొంతులో ఒక కోడికూత ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఇలాంటివి ఎలా రాయాలో నాకు తెలియదు. నలుగురినీ నవ్వించడమే నాకు చేతనైన పని. ఇది మాత్రం చదివి నవ్వకండి.

రేపల్లెలో మా పక్కిల్లు రత్తమ్మ పిన్నిది. ఆమెకొక నల్లపెట్ట ఉండేది. పుంజు లేదు. ఒకసారి ఆ పెట్టకు గుడ్డు అడ్డం పడింది. తోక వాల్చి మూలన కూర్చుండిపోయింది. ఇంకొకరైతే ఆ పూటే కూర వండేసేవారు. పిన్ని దాన్ని గోరువెచ్చని నీళ్ల బేసిన్లో కూర్చోబెట్టి, ఆముదం రాసి, పొట్ట నిమురుతూ అన్నం సంగతే మరిచిపోయింది.

"తాళింపుకి ముందే నూనె పట్టిస్తున్నావేంటి పిన్నీ?" అన్నాను గోడ మీంచి.

ఆమె నవ్వింది గానీ చెయ్యి తియ్యలేదు. పొద్దు వాలేవేళకు గుడ్డు జారిపడింది.

తర్వాత కొన్నాళ్లు అది తోలుగుడ్లు పెట్టింది. పెంకు లేకుండా, నీళ్లు నింపిన బుడగలా మెత్తగా. పిన్ని గుడ్డు పెంకులు వేయించి, నూరి, తవుడులో కలిపి పెట్టింది. ఆ పైన చూడాలి! పిడికిట్లో పట్టని గుడ్లు, కొడితే రెండేసి సొనలు. వీధంతా వచ్చి చూసింది. ఆ ఓపికకి నేనూ మనసులో దండం పెట్టుకున్నాను. మరి అదే మనసులోకి ఆ కుళ్లు ఎక్కణ్ణుంచి వచ్చింది? అరుగు మీద నా కబుర్లకి చేరే జనం ఆమె కోళ్లగూటి దగ్గర చేరారనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఒక పొద్దున గోడ వెనక నక్కి కూశాను. పుంజులా కాదు, పెట్ట కూయబోయి తడబడినట్టు. పిన్ని అత్తగారు దొడ్లో పళ్లు తోముకుంటోంది. ఆవిడ బెదిరితే గోడెక్కి నవ్వుదామనుకున్నాను. అంతే. ఆవిడ చెంబు వదిలేసి, "పెట్ట కూసిందిరో! కొంపకి అరిష్టం!" అని గుండెలు బాదుకుంది. జనం పోగయ్యారు. బాబాయి కత్తి తెచ్చాడు.

పిన్ని పెట్టను చంకన పెట్టుకుని నా దగ్గరకే వచ్చింది.

"ఒరేయ్, నువ్విక్కడే ఉన్నావుగా. నిజం చెప్పు. నా పెట్ట కూసిందా?"

అందరూ నావైపే చూస్తున్నారు.

"కూసింది పిన్నీ. చెవులారా విన్నాను."

"నువ్వూ విన్నావా? అయితే ఇంకేం అంటాంలే."

దాని తల ఒకసారి నిమిరి బాబాయి చేతికిచ్చేసింది.

కూత వేళాకోళమే. చంపింది నా మాట. కూసింది నేనేనని చెప్పక్కర్లేదు, "నేను వినలేదు పిన్నీ" అన్నా ఆమె ఆ పెట్టను వదిలేది కాదు. ఆ ఒక్క ముక్క ఎందుకు రాలేదు? ఊరందరినీ నవ్వించే నోరున్నవాణ్ణి కదా నేను!

కోస్తే లోపల ఆ రోజు పెట్టాల్సిన గుడ్డు పెంకుతో సహా సిద్ధంగా ఉంది. దాని వెనక గుత్తిగా చిన్నా పెద్దా సొనలు. సొనల కూర నాకిష్టమని పిన్ని గిన్నెలో పెట్టి పంపింది. తను ముట్టలేదట. నేను తిన్నాను. తినకపోతే అనుమానం వస్తుందని.

పిన్ని ఇప్పటికీ కోళ్లు పెంచుతోంది. తోలుగుడ్డయినా, ముడతల గుడ్డయినా, భట్టిప్రోలు నుంచి కూడా ఆమెనే అడగడానికి వస్తారు. కొత్త పెట్ట గుడ్లకొస్తే తొలిగుడ్డు మా ఇంటికే. తెలియక ఇస్తుందా? తెలిసే ఇస్తుందా? అడగలేను.

మావాళ్లు అడిగితే రేపల్లె రైలులా కూస్తాను, కుక్కలా మొరుగుతాను. కోడికూత మాత్రం రాదంటాను.

వచ్చు. ఆ పొద్దున కూసింది నేనే.