మలావీ పిల్లకి విస్తరి వేసిన రోజు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోసే మనిషిని. మా అమలాపురం వైపు కొబ్బరికాయ ఎలా ఉంటుందో నా మాటా అలాగే ఉంటుంది. లోపల కాయ పిడికెడు, పైన పీచు బుట్టెడు. మా వీధిలోకి చీలమండల్లోతు నీళ్ళొస్తే, నేను చెప్పేసరికి ఆ నీళ్ళలో పడవలు తిరుగుతుంటాయి. కాబట్టి పీచు మీరే వలుచుకోండి. ఇందులో ఒకచోట పీచు కాదు, ఏకంగా కల్పనే ఉంది. అది ఎక్కడో చివర్లో నేనే చెబుతాను.

మూడేళ్ళ కిందట ఫోనులో ఒక సేవాసంస్థ ప్రకటన చూశాను. ఆఫ్రికాలో మలావీ అని ఒక దేశం. అక్కడి పిల్లల్లో ఒకరి తిండికి, చదువుకి నెలనెలా కొంత పంపితే చాలు, మనం ఆ పిల్లకి పోషకులమైపోతాం. ఆ కొంత ఎంతంటే, మా ఇంట్లో కాఫీపొడికయ్యేంత. నాకు వచ్చిన ఫొటోలో తొమ్మిదేళ్ళ ఆడపిల్ల నీలం గౌనులో చేతులు కట్టుకుని, నవ్వకుండా, లెక్కల మాస్టారు చూసినట్టు నన్ను చూస్తోంది. భయపడి ఒప్పుకున్నాను. ఇంతవరకూ కాయ.

పీచు మర్నాటినుంచి మొదలైంది. కాఫీ హోటల్లో మిత్రులతో, ఆఫ్రికాలో ఒక పిల్లని పోషిస్తున్నాను అన్నాను. వారం తిరిగేసరికి పిల్ల కాస్తా బడి అయింది. నెల తిరిగేసరికి ఊరు ఊరంతా నా అన్నమే తింటోంది. ఆ ఊళ్ళో నేను బోరు కూడా వేయించాను. దానికి నా పేరు పెడతామంటే వద్దన్నాను. నా అంతటివాడు వద్దన్నా వాళ్ళు వినలేదు.

అలా నడుస్తుండగా ఈ ఏడాది సంస్థవాళ్ళు కబురు పెట్టారు. ఫలానా శనివారం మధ్యాహ్నం ఆ పిల్లతో వీడియోకాల్లో మాట్లాడవచ్చట. సంతోషం పట్టలేక వీధంతా చాటింపు వేశాను. పక్కింటి పిన్నిగారు ప్రహరీగోడ మీంచి తల పెట్టారు.

"అయితే మేమూ వత్తామండి. మీరు తిండి పెట్టే ఊరిని ఓసారి కళ్ళారా చూడాలి కదండీ!"

అప్పుడు తెలిసింది నేనేం చేసుకున్నానో. పిన్నిగారు మనసులో మాట దాచుకునే మనిషి కాదు. మస్కట్‌లో పనిచేసి వచ్చిన మా బావమరిదికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆవిడ అతనిచేత, "మీ ఊరికంతటికీ ఈయనేనా అన్నం పెట్టేది?" అని ఒక్క ప్రశ్న అడిగిస్తే చాలు, నా బోరు ఎండిపోతుంది.

జనం చూపు పిల్లమీద నిలవకుండా మరోవైపు మళ్ళించాలి. మావైపు ఈమధ్య ఒక జబ్బు పట్టుకుంది. కొత్తల్లుడి ముందు వంద రకాలు పరిచి, వాటిని వీడియో తీసి లోకం మీదకి వదులుతారు. అదే మందు అనుకున్నాను. మా ఆవిడకి వంటల పట్టిక చెప్పాను.

"ఆ పిల్ల ఫోన్లోంచి తింటదేటండి?" అంది.

"తినకపోయినా మర్యాద మర్యాదే. మన గోదారి మర్యాద సముద్రాలు దాటాలి."

"మర్యాద కాదండి ఇది. సోకు."

అయినా చేసింది. పనసాకుల్లో ఉడికిన పొట్టిక్కలు, గారెలు, పులిహోర, పనసపొట్టు కూర, కందా బచ్చలి, కోడి పలావు, రొయ్యల వేపుడు, బూరెలు, పూతరేకులు, అన్నీ కలిపి నూటపదహారు రకాలు. నెయ్యిగిన్నె ఎంతదంటే, ఈత రానివాళ్ళని దాని దగ్గరికి వెళ్ళనివ్వలేదు.

విస్తరి వేసి అన్నీ వడ్డించేసరికి, అనుకున్న వేళకి ఫోను మోగింది. తెరమీద ఒక మట్టిగోడ, గోడకి ఆనించి ఒక బల్ల. బల్లమీద సంస్థ ఆవిడ, ఆవిడ పక్కన నా పిల్ల. అదే నీలం గౌను, ఇప్పుడు మోకాళ్ళ పైకి వచ్చేసింది. పిల్లకి ఆనుకుని నాలుగేళ్ళ చెల్లెలు. నా వెనక వీధంతా నిలబడింది.

పలకరింపులయ్యాక సంస్థ ఆవిడ ఇంగ్లీషులో ఏదో చెప్పింది. మా బావమరిది మాకు తెలుగులో చెప్పాడు.

"వానల్లేక మొక్కజొన్న మొత్తం ఎండిపోయిందంటండి. ఊరంతా ఇబ్బందిలో ఉందంట."

మనిషన్నవాడు అయ్యో అంటాడు. నేను, "మాకూ మొన్న తుఫానొచ్చిందని చెప్పు. మా పెరట్లో కొబ్బరిచెట్టు గాల్లోకి లేచి రాజోలు వెళ్ళి పడిందని చెప్పు" అన్నాను.

"బావగారూ, ఆవిడ కరువు చెప్తా ఉంటే మీరు పోటీకి తుఫాను దింపుతారేటండి?"

వెనక అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంతలో పిన్నిగారు నన్ను భుజంతో పక్కకి తోసి ఫోను ముందుకొచ్చారు. అయిపోయింది అనుకున్నాను. కానీ ఆవిడా గోదావరి మనిషే. ఎంత ముఖ్యమైన ప్రశ్నైనా ముందు అడగవలసింది అడిగాకే.

"భోంచేశావా అమ్మా?"

మా దగ్గర అది ప్రశ్న కాదు, నమస్కారం. బావమరిది దాన్ని ఇంగ్లీషులోకి దించాడు. సందు దొరికిందని నేను ఫోను చేతిలోకి తీసుకుని విస్తరి మీద ఈ చివరనుంచి ఆ చివరకి మెల్లగా తిప్పాను. ఊరేగింపులో దేవుణ్ణి తిప్పినట్టు తిప్పాను. రొయ్యల దగ్గర ఒక్క క్షణం ఆపాను కూడా.

పిల్ల చాలాసేపు చూసింది. తరవాత వాళ్ళ భాషలో ఏదో అడిగింది, సంస్థ ఆవిడ దాన్ని ఇంగ్లీషు చేసింది.

"మీ ఇంట్లో పెళ్ళా అని అడుగుతుందండి" అన్నాడు బావమరిది.

"కాదు, మేం రోజూ ఇంతే తింటామని చెప్పు."

అతను నావైపు ఓసారి చూసి, చెప్పాడు. పిల్ల పెద్దమనిషిలా తలూపింది. అప్పుడే చిన్నపిల్ల విస్తరి మీంచి కళ్ళు తిప్పకుండా నోరు తెరిచి రెండు ముక్కలు అంది. ఫొటోలో నవ్వని నా పిల్ల మొదటిసారి నవ్వింది. కుడిచెయ్యి మాత్రం చెల్లెలి గౌను చాటుకి జారింది. చిన్నది ఉలిక్కిపడి నోరు మూసుకుంది. కళ్ళనిండా నీళ్ళు. నా పిల్ల నవ్వుతూనే ఏదో చెప్పింది. సంస్థ ఆవిడ తల దించుకుని దాన్ని ఇంగ్లీషులో అప్పజెప్పింది.

"అయ్యిందంటండి," అన్నాడు బావమరిది. "ఇద్దరూ కడుపునిండా తిన్నారంట. మిమ్మల్ని తినమంటుంది, చల్లారిపోద్దంట."

ఆ చిన్నది అన్న రెండు ముక్కల్ని ఎవరూ తర్జుమా చెయ్యలేదు. నాకు అక్కర్లేదు కూడా. ఆ గౌను చాటున జరిగింది తొడపాశం. చిన్నప్పుడు చుట్టాలింటికి వెళ్తే, "భోంచేశారా?" అని వాళ్ళు అడిగేవారు. నేను నోరు తెరవబోయేవాణ్ణి. మా అమ్మ నవ్వుతూ, "ఆయ్, ఇప్పుడే తినొచ్చేమండి" అంటూనే చీరకుచ్చెళ్ళ చాటున నా తొడ మెలేసేది. ఆ తొడపాశాలు చెప్పి నేను ఎన్ని సభల్ని నవ్వించానో! మచ్చ ఎంతదో చేతులు చాచి మరీ చూపించేవాణ్ణి. ఆ రోజుల్లో మా ఇంట్లో పొయ్యి వెలగలేదన్న సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు.

పిన్నిగారు వెనక్కి తిరిగారు. "చూసేరా! కరువులో కూడా ఈయన పిల్లలు కడుపునిండా తింటన్నారు. మీ చెయ్యి చల్లనిదండి బాబూ!"

ఆ ఊరి ప్రశ్న ఆవిడ ఇక అడగనేలేదు. వీధి ముందు నా పరువు నిలబడింది. ఆకలితో ఉన్న పిల్ల నవ్వుతూ ఒక అబద్ధం ఆడింది, అందుకని.

అందరూ వెళ్ళాక మా ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"మీరూ చూసేరా?"

"దేన్ని?" అన్నాను.

నేను ఆ విస్తరి ముందునుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆ పూట మెతుకు ముట్టలేదు.

ఇక మాట ప్రకారం ఒప్పుకోవాలి. వంటలు నూటపదహారు కావు, ఇరవైలోపే. చెట్టు రాజోలు వెళ్ళలేదు, పిన్నిగారి గోడమీద పడింది. అవి పీచు. నేను కల్పించింది ఆ చివరి మాట. మెతుకు ముట్టలేదన్నది.

తిన్నాను. పెళ్ళైన నాటినుంచీ, ఇంకొంచెం వేసుకోండి అని బతిమాలకుండా మా ఆవిడ నాకు వడ్డించి ఎరగదు. ఆ రోజు గిన్నెలు నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. రొయ్యలు బాగున్నాయి. రెండోసారి నేనే వేసుకున్నాను.