గడప దగ్గరి పళ్లెం

మా కాక పోయాడని మొన్న ఫోన్ వచ్చింది. సెలవు మీద ఊరికి వెళ్లినవాడు పొలం గట్టు మీదే కూలబడ్డాడట. కాక అంటే రక్తసంబంధం కాదు. బహ్రెయిన్‌లో, గలాలీలో ఒక ఐర్లండ్ ముసలమ్మ ఇంట్లో ఆయన వంటమనిషి, నేను తోటమాలిని.

వంటింట్లోకి వచ్చే ముందు గరిటెతో తలుపు మీద రెండుసార్లు కొట్టేవాడు, లోపల ఎవరూ లేకపోయినా సరే. "వస్తున్నమని చెప్పాలెరా. ఉన్నోళ్లకైనా, పోయినోళ్లకైనా" అనేవాడు.

నేను చేరిన ఏడాది అక్టోబరు చివర, పొద్దుగూకే వేళ, గడప దగ్గర ఒక టర్నిప్ దుంప కనిపించింది. దానికి కళ్లూ పళ్లూ చెక్కి, లోపల దీపం పెట్టారు. పక్కన పళ్లెంలో రొట్టె. మీరు నవ్వుకోవచ్చు గానీ, బాణామతి కథలు వింటూ పెరిగినవాణ్ణి, నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండింటినీ కాలితో తన్ని తలుపు గడియ పెట్టేశాను.

కాక పరుగెత్తుకొచ్చాడు. "ఓరి నీ పాసుగాల, బాణామతి గాదుర! గది మేడమోళ్ల పెత్రమాస, పోయిన పెద్దలకు పెట్టే దినం!"

క్రీస్తు కంటే ముందు, మేడం వాళ్ల దేశంలో కెల్టులనే జనం పంటలయ్యాక పశువులను కొట్టాలకు తోలుకొచ్చి, ఆ రాత్రి ఆరుబయట పెద్ద మంటలు వేసేవారట. ఇప్పుడు ఆ పండక్కి పిల్లలు సరదాగా పెట్టుకునే ముసుగులు అప్పుడు ప్రాణభయంతో పెట్టుకున్నవేనని మేడం చెప్పిందట. "చచ్చినోళ్లు గాపొద్దు ఇంటికొస్తరట. దయ్యాలు బెదరనీకి మొకం, మనోళ్లు తిననీకి పళ్లెం" అన్నాడు కాక.

ఆర్నెల్ల కిందటే మా అమ్మ పోయింది. కాగితాలు తేలక కడచూపుకు వెళ్లలేదు. ఆకలితో వచ్చిన అమ్మ పళ్లాన్నే తన్నానా? ఆమె ముఖం మీదే తలుపు వేశానా? ఏడుస్తూ అడిగాను.

"తల్లి అలుగుతదా బిడ్డా? మళ్లొస్తది" అంటూ కాక గడియ తీశాడు. అన్నం, పచ్చిపులుసు పెట్టి, తలుపు ఓరగా ఉంచి గడప ముందు కూర్చున్నాడు. నేను ఆయన వీపు వెనక దాక్కున్నాను. తర్వాత ప్రతి ఏడూ అంతే. నా భయం పోలేదు, ఆయన నన్ను వెక్కిరించనూ లేదు.

నిన్న మళ్లీ ఆ సాయంత్రం వచ్చింది. దుంప నేనే చెక్కాను, వేలు తెగింది. రెండు పళ్లాలు పెట్టాను. నా ముందు కూర్చోవడానికి ఎవరూ లేరు. గాలికే కాబోలు, తలుపు రెండుసార్లు కొట్టుకుంది. గడియ మీదికి వెళ్లిన చేతిని వెనక్కి తీసుకుని, రెండో పళ్లెంలో ఇంకో గరిటెడు అన్నం వడ్డించాను.