జెస్సీకి అలలు కావాలట

2022, దసరా సెలవులు దగ్గరపడుతున్న రోజులు. తెనాలి స్టేషన్ రోడ్డులో నాకు చిన్న ట్రావెల్ ఆఫీసు ఉంది. తీర్థయాత్రలకు బస్సులు, పెళ్లిళ్లకు కార్లు, ఎండాకాలంలో ఊటీ, ఎక్కువగా ఇదే మా పని. రైడ్లూ నీళ్లాటలూ ఉండి, బస కూడా లోపలే దొరికే థీమ్ పార్క్ రిసార్టుల గురించి అడిగేవాళ్లు అప్పుడప్పుడే రావడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం బాపట్ల నుంచి సుగుణ అనే టీచరు, ఆమె భర్త ప్రభాకర్, పన్నెండేళ్ల కూతురు జెస్సీ వచ్చారు. జెస్సీ వీల్‌చైర్‌లో ఉంది. పుట్టుకతోనే కాళ్లలో బలం లేదు. హైదరాబాద్ అవతల ఉన్న ఒక రిసార్టు ఫోటోలు సుగుణ ఫోన్‌లో చూపించింది. అలాంటి చోటికి వాళ్లెప్పుడూ వెళ్లలేదు.

ప్రభాకర్‌కు మాత్రం ఇష్టం లేదు. "అందరూ ఎక్కి తిరుగుతుంటే పిల్ల కింద కూర్చుని చూడాలి. అంత దూరం తీసుకెళ్లి ఏడిపించడం దేనికండీ?" అన్నాడు.

ఐటినరీ, అంటే ఏ రోజు ఎక్కడ ఏం చేయాలో చెప్పే ప్రయాణ ప్రణాళిక, వేసే ముందు పిల్లల్నీ ఓ మాట అడగడం నా అలవాటు. "నీకేం ఎక్కాలనుందమ్మా?" అన్నాను.

"ఏదీ ఎక్కను ఆంటీ. అలల్లో ఉండాలి."

"సూర్యలంక బీచ్ మీకు దగ్గరేగా?"

"ఇసకలో కుర్చీ దిగబడిపోద్ది. నాన్న ఎత్తుకుని పాదాలు తడిపిస్తారు. లోపలికి తీసుకెళ్లాలంటే ఆయనకి భయం."

ఆ రిసార్టులో వేవ్ పూల్ ఉంది. యంత్రంతో అలలు పుట్టించే పెద్ద కొలను. వాళ్ల ముందే బుకింగ్ నంబరుకు ఫోన్ చేశాను. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లను పూల్‌లోకి దించకూడదని రూలుందన్నారు. ప్రభాకర్ లేచి నిలబడ్డాడు. "కూర్చోండి, టీ తాగి వెళ్దురుగాని" అని, పూల్ దగ్గర పనిచేసే వాళ్లతో మాట్లాడించమని మళ్లీ అడిగాను.

చాలాసేపటికి పూల్ సూపర్‌వైజర్ లైన్లోకి వచ్చాడు. రూల్ గురించి చెప్పలేదు. "పాప మెడ నిలుపుతుందా? నీళ్లు నోట్లోకి వెళ్తే దగ్గగలదా? పక్కన ఇద్దరు ఉంటారా?" అని అడిగాడు. సుగుణ అన్నిటికీ జవాబు చెప్పింది. తర్వాత జెస్సీకి ఫోన్ ఇవ్వమన్నాడు.

"భయమేస్తే ఏం చేస్తావమ్మా?"

"చెయ్యెత్తుతాను సార్."

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. మేనేజరు ఒప్పుకున్నారట. డాక్టరు దగ్గర కాగితం తెచ్చుకుని, జనం పలచగా ఉండే రోజు పొద్దున్నే రమ్మన్నాడు. అలలు చిన్నగా పెట్టించి, తానే దగ్గరుంటానన్నాడు.

వాళ్లు వెళ్లిన రోజు నాకు పని మీద ధ్యాస నిలవలేదు. పది దాటాక ప్రభాకర్ ఫోన్ చేశాడు. లైఫ్ జాకెట్ వేసి, చెరోపక్కా పట్టుకుని పిల్లను నీళ్లలోకి దించారట. మొదటి అల వచ్చేసరికి ఆయన రెండు చేతులతో గట్టిగా పొదువుకున్నాడట. జెస్సీ చెయ్యెత్తింది. సూపర్‌వైజర్ వెంటనే అలలు ఆపించి, "భయమేసిందా?" అని అడిగాడు.

"లేదు సార్. నాన్నని కొంచెం వదలమనండి" అందట.

"వదిలానండి" అన్నాడు ప్రభాకర్. ఇప్పుడు తాను గట్టు మీద ఉన్నాడట, పిల్ల పక్కన సుగుణా, సూపర్‌వైజరూ ఉన్నారట. అవతల నీళ్ల చప్పుడూ, దాని మీదుగా పిల్ల నవ్వూ వినిపిస్తూనే ఉన్నాయి.

ఆ సూపర్‌వైజర్‌ను నేనింతవరకూ చూడలేదు. ఫోన్‌లోనే కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆ తర్వాత ఎవరైనా కుదరదంటే, రావాలనుకునే మనిషి సంగతి కనుక్కుని అన్నారా, కనుక్కోకుండానే అన్నారా అని చూసి, అవసరమైతే మరో ఫోన్ చేస్తున్నాను. అన్నిసార్లూ ఒప్పుకోరు. కానీ మన పిల్ల గురించి నాలుగు ప్రశ్నలడిగి కాదన్నా, వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకోకుండా లేచి వెళ్తారు. ఆ తేడా నాకు తెలిసింది ఆయన వల్లే.