మోచేతి కడ్డీ

మాబు సాహెబ్ షెడ్డు చూరుకి ఒక ఉప్పు గడ్డ వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దిష్టికి కట్టాడనుకుంటారు. దిష్టికి కాదు, వానకి.

కళ్లంలో మిరపకాయలు ఎండబోసిన రైతు అన్నానికి ఇంటికెళ్తాడు. సరిగ్గా అప్పుడే మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలితే చాలు, ఏడాది కష్టం మచ్చపడిపోతుంది. అందుకని మాబు సాహెబ్ ఒక స్ప్రింగుని ఉప్పు గడ్డతో బిగించి పెట్టాడు. చినుకు తగిలి ఉప్పు కరిగితే స్ప్రింగు వదులుతుంది, దానికి కట్టిన బరువు కిందికి జారుతుంది, చుట్ట చుట్టి ఉన్న పట్టా కాయల మీదికి పరుచుకుంటుంది. మనిషి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మొదటి ఏడాది అది రెండుసార్లు పనిచేసింది. ఒకసారి నిజంగానే వానొచ్చింది. రెండోసారి రామాంజనేయులు మేక ఉప్పు నాకింది. మేకని ఎవరూ తిట్టలేదు, మాబునే తిట్టారు. ఆయన నవ్వి ఉప్పు చుట్టూ జాలీ కట్టాడు. చూరుకి వేలాడేది ఆ మేక నాకగా మిగిలిన గడ్డే.

షెడ్డు చిలకలూరిపేట దగ్గర, పత్తి మిల్లు దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది. ఆయనకి అరవై రెండేళ్లు, చదివింది ఐదో తరగతి. తండ్రి ఇంటింటికీ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. దూది ఏకే ఆ పెద్ద విల్లు ఇప్పటికీ షెడ్డు గోడకి తగిలించి ఉంది. ఫ్యాక్టరీ పరుపులొచ్చి విల్లు మూలబడ్డాక మాబు వెల్డింగ్ నేర్చుకున్నాడు. ఊరంతా ఆయన్ని వెల్డింగ్ మాబు అంటుంది గానీ, వెల్డింగ్ ఆయనకి అన్నం పెట్టే పని మాత్రమే. అసలు పని వేరే ఉంది. గేరు వేయగానే తనంతట తానే మడుచుకునే మోటారు సైకిలు స్టాండు ఆయన చేసిందే. రెండు చేతుల్లో బిందెలున్నప్పుడు కాలితో నొక్కితే తెరుచుకునే తలుపు గడియ ఆయనదే. ఇంట్లో ఒక ఊగే కుర్చీ ఉంది. దాంట్లో కూర్చుని ఊగితే నెత్తి మీద విసనకర్ర కూడా ఊగుతుంది. వేసవిలో కరెంటు పోయిందంటే ఆయన భార్య ఖాదర్‌బీ దగ్గరికి పక్కింటి వాళ్లంతా ఏదో ఒక పని కల్పించుకుని వస్తారు.

ఒకసారి ఏదో ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు పిలిచి శాలువా కప్పారు. వేదిక మీది పెద్దలు ఒక్కొక్కరూ అరగంట మాట్లాడి, పనిచేసినవాడికి రెండు నిమిషాలిచ్చారు. ఈ దేశంలో స్క్రూ బిగించడం రానివాడికి మైకు దొరికినంత సులువుగా, స్క్రూ కనిపెట్టినవాడికి కుర్చీ కూడా దొరకదు. మాబు సాహెబ్ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. ఆ శాలువా ఇప్పుడు గ్రైండింగ్ మిషను మీద దుమ్ము పడకుండా కప్పి ఉంటుంది. "మంచి శాలువా, మందంగా ఉంటుంది" అంటాడు. ఆ మాటలో వెటకారం వెతికినా కనపడదు.

ఆయనకి ఆలోచన ఊరికే పుట్టదు. ఎవరో ఒకరు వచ్చి తిట్టాలి. పోయిన ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్నే సుబ్బరావమ్మ వచ్చింది.

సుబ్బరావమ్మది వాళ్ల వెనకిల్లే. ఇరవై ఆరేళ్లుగా మిరప కోతకెళ్లే ఆడవాళ్ల ముఠాకి మేస్త్రి. గొంతు విప్పిందంటే చేనుకి ఈ చివర నుంచి ఆ చివరికి వినపడుతుంది. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించే మాట్లాడింది.

"మాబయ్యా, ఊరందరికీ ఏవేవో చేస్తావు. నన్ను ట్రక్కు ఎక్కించే మిషను ఒకటి చెయ్యి."

"ఎక్కలేకపోతున్నావా అక్కా?"

"ఎక్కగలిగితే పొద్దున్నే నీ మొహం చూడ్డానికొస్తానా?"

కోతకెళ్లేవాళ్లని రైతు తన ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కులో తీసుకెళ్తాడు. అది బస్తాల కోసం చేసిన బండి. మనిషి ఎక్కడానికి దానికి ఒక్క మెట్టు కూడా ఉండదు. టైరు మీద కాలుపెట్టి పైకి పాకాల్సిందే. ముఠాకి ఒక కట్టుబాటు ఉంది. మేస్త్రి ముందు ఎక్కాలి. ఎక్కి, వెనక నిలబడి, ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి పైకి లాగాలి. ఎవరొచ్చారో ఎవరు రాలేదో ఆ లాగడంలోనే తెలిసిపోతుంది. చెయ్యివ్వలేనిది మేస్త్రి కాదు. ఈ మాట ఎక్కడా రాసిలేదు గానీ తెలియనివాళ్లు లేరు.

పోయిన ఏడాది చివరి కోతలో మంచుకి తడిసిన టైరు మీద సుబ్బరావమ్మ కాలు జారింది. మోకాలు అప్పటినుంచి మాట వినడం లేదు. ఈ ఏడు మొదటి కోతకి ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. వరసకి కూతురయ్యే లక్ష్మీదుర్గ ట్రక్కు మీద నిలబడి చెయ్యిచ్చింది. రెండో కోత సోమవారం, రామాంజనేయులు చేలో మొదలు. ఆ రోజు కూడా ఎక్కలేకపోతే ఇక లక్ష్మీదుర్గే మేస్త్రి.

"పిల్ల మంచిదే. కానీ నేనింకా చావలేదుగా" అంది సుబ్బరావమ్మ.

"రామాంజనేయులు ఏమంటున్నాడు?"

"నేనెత్తి కూర్చోబెడతా అంటున్నాడు. పెళ్లైన కొత్తల్లో మా ఆయనే ఎత్తలా, ఈయనెత్తుతాడంట."

"స్టూలు వేసుకుంటే?"

"వేశాను. గట్టు మీద ఒరిగిపోయింది. స్టూలు ఒక పక్క, నేనొక పక్క."

మాబు సాహెబ్ సుద్దముక్క తీసుకుని రామాంజనేయులు ఇంటికెళ్లాడు. ఇద్దరూ ఐదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. "నీ ట్రక్కు మూడు రోజులు నాకివ్వరా" అన్నాడు. "మళ్లీ మేకకి పని చెప్తావా ఏంది" అంటూనే ఇచ్చాడు రామాంజనేయులు.

శుక్రవారం మధ్యాహ్నానికి మెట్లు తయారయ్యాయి. నేల ఎత్తుపల్లాలతో పని లేకుండా అవి ట్రక్కుకే వేలాడతాయి. వెనక తలుపు దించితే విచ్చుకుంటాయి, మూస్తే మడుచుకుంటాయి. కాలు జారకుండా మెట్ల రేకుకి చిల్లులు కొట్టి అంచులు గరుగ్గా వదిలాడు. పక్కన పట్టుకోవడానికి గుండ్రటి కడ్డీ పెట్టాడు. టీ కొట్టు దగ్గరున్న నలుగురు మగాళ్లు ఎక్కి దిగారు. రామాంజనేయులు మూడుసార్లు ఎక్కి, పైన నిలబడి మీసం తిప్పాడు. "ఒరేయ్ మాబూ, ఇది బాగా కుదిరిందిరా" అన్నాడు.

సుబ్బరావమ్మని పిలిచారు. ఆమె కోతకెళ్లే ముస్తాబుతోనే వచ్చింది. కుడిచేతిలో అన్నం క్యారేజీ, ఎడం చేతిలో చీర కుచ్చిళ్లు. మొదటి మెట్టు ఎక్కింది. రెండో మెట్టు మీద మోకాలికి ఆసరా కావాల్సి వచ్చి కడ్డీ పట్టుకోబోయింది. పట్టుకోవాలంటే క్యారేజీ వదలాలి, లేదా కుచ్చిళ్లు వదలాలి. కుచ్చిళ్లు వదిలింది. చీర అంచు రేకు గరుకుకి పట్టుకుని పర్రుమంది. అక్కడే కాసేపు నిలబడి, మెల్లగా వెనక్కి దిగింది. చిరిగిన అంచు చూసుకుంది.

"మగాళ్లకి చేశావు మాబయ్యా" అని ఇంటికెళ్లిపోయింది.

అందరూ తలో మాటా అన్నారు. క్యారేజీ ముందు పైన పెట్టి ఎక్కొచ్చు కదా అన్నాడొకడు. మాబు సాహెబ్ వినలేదు. తప్పు ఆమె చేతిలో లేదు, తను కొలత తీసుకున్న చోట ఉంది. ట్రక్కుని కొలిచాడు, మెట్టుని కొలిచాడు. ఎక్కే మనిషిని కొలవలేదు. పైగా ఎక్కి చూసిన నలుగురివీ ఖాళీ చేతులు.

శనివారం, ఆదివారం పొద్దున్నే ఆయన సెంటర్లో టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. ఐదారు ముఠాలు అక్కడే బళ్లెక్కుతాయి. ఆయన ఆడవాళ్ల పాదాల వంక కన్నార్పకుండా చూస్తూ, అగ్గిపెట్టె మీద పెన్సిలుతో ఏదో గీస్తూ కూర్చున్నాడు. అరవై రెండేళ్ల మనిషి రెండు రోజులు వరసగా ఆ పని చేస్తే ఊరు ఊరుకుంటుందా? ఆదివారం ఆయన ఇంటికొచ్చేసరికి ఖాదర్‌బీ గుమ్మంలోనే ఉంది.

"ఏమయ్యా, సెంటర్లో కూర్చుని ఆడవాళ్ల కాళ్లు చూస్తున్నావంట?"

"చూస్తున్నా."

"చూస్తున్నా అంటాడు చూడు. ఏం కనపడింది?"

"అందరూ ఎడం కాలే ముందు పెడతన్నారు. ఒక్కరికీ చెయ్యి ఖాళీగా లేదు. నీ పాత చీర ఒకటియ్యి."

ఖాదర్‌బీ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఇంతకంటే వింతవి అడిగాడు. చీర ఇచ్చింది, క్యారేజీ కూడా ఇచ్చింది, నవ్వు ఆపుకోలేక తనూ షెడ్డుకొచ్చింది.

మిట్టమధ్యాహ్నం, షెడ్డు తలుపు దగ్గరగా వేసి, లుంగీ మీద చీర చుట్టుకుని, కుడిచేతిలో క్యారేజీ, ఎడం చేతిలో కుచ్చిళ్లు పట్టుకుని మాబు సాహెబ్ తను చేసిన మెట్లు తనే ఎక్కాడు. రెండో మెట్టు మీద ఒళ్లు వెనక్కి తూలింది. చేతులు రెండూ ఉన్నాయి, ఒక్కటీ ఉపయోగపడదు. అప్పుడు తెలియకుండానే ముంజేతిని పక్కనున్న ట్రక్కు తొట్టి అంచు మీద ఆనించాడు. బరువంతా మోచేతి మీదికి పోయింది, మోకాలు తేలికైంది.

"ఖాదరూ, కడ్డీని పట్టుకోకూడదు. ఆనుకోవాలి" అన్నాడు అక్కడే ఆగిపోయి.

సరిగ్గా అప్పుడే రామాంజనేయులు తలుపు తోసుకుని వచ్చాడు. చీరలో ఉన్న స్నేహితుణ్ణి చూసి, ఖాదర్‌బీని చూసి, మళ్లీ స్నేహితుణ్ణి చూశాడు.

"రేపు కోతకి నువ్వు కూడా వస్తన్నావేంట్రా?" అన్నాడు.

"నవ్వడం తర్వాత. ఆ కట్టరందుకో."

పాత కడ్డీ కోసేశాడు. మెట్లకి రెండు వైపులా, మోచేయి ఆనే ఎత్తులో, మెట్లతో పాటే ఏటవాలుగా పైకి పోయేలా వెడల్పాటి కడ్డీలు అతికించాడు. మొదటి మెట్టు జానెడు కిందికి దించాడు. గరుకు రేకు పీకేసి, పత్తి మిల్లులో పారేసిన బెల్టు రబ్బరు ముక్కలు బిగించాడు. రబ్బరు కాలిని పట్టుకుంటుంది, చీరని పట్టుకోదు. చివరికి ఇనుము ఎముకకి నొప్పి పెట్టకుండా కడ్డీల మీద గుడ్డ చుట్టి, లోపల దూది కూరి, తండ్రి పరుపులు కుట్టే పెద్ద సూదితో తనే కుట్టాడు. అరవై రెండేళ్లొచ్చినా ఆ కుట్టు చేతికి గుర్తుంది. పొద్దు గూకకముందే పని అయిపోయింది. సుబ్బరావమ్మని పిలుద్దామంది ఖాదర్‌బీ. వద్దన్నాడు. "ఒకసారి చీర చింపాను. రేపు పని మీదొచ్చినప్పుడే ఎక్కనీ."

సోమవారం ఆరు గంటలకి సెంటర్లో పద్దెనిమిది మంది నిలబడి ఉన్నారు. సుబ్బరావమ్మ అందరికంటే వెనక, కొంచెం పక్కగా ఉంది. వచ్చింది గానీ వచ్చినట్టు లేదు. లక్ష్మీదుర్గ ట్రక్కు దగ్గరే ఉన్నా ఎక్కలేదు. రామాంజనేయులు వెనక తలుపు దించాడు. మెట్లు విచ్చుకున్నాయి. దూది కుట్టిన కడ్డీలు చూసి ఎవరో, "పందిరి మంచంలాగుంది, మేస్త్రిగారికి శోభనమా ఏందే" అంది. అందరూ నవ్వారు. సుబ్బరావమ్మ నవ్వలేదు. మాబు సాహెబ్ వంక చూసింది.

"నువ్వెక్కి చూశావా?"

"చీర కట్టుకుని మరీ ఎక్కాడు" అన్నాడు రామాంజనేయులు.

ఆమె మెట్ల దగ్గరికొచ్చింది. కుడిచేతిలో క్యారేజీ, ఎడం చేతిలో కుచ్చిళ్లు. రెండు ముంజేతులూ కడ్డీల మీద ఆనించి ఎడం కాలు పెట్టింది. మాబు సాహెబ్ ఆమె మొహం చూడలేదు. నేల మీద గొంతుక్కూర్చుని మెట్టు అతుకు చూస్తున్నాడు. మొదటి మెట్టు. రెండో మెట్టు మీద కడ్డీ కిర్రుమంది, కానీ వంగలేదు. మూడో మెట్టు. కళ్ల ముందు నుంచి పాదం మాయమై, పైన చెక్క మీద పడిన చప్పుడు వినపడ్డాకే ఊపిరి వదిలాడు.

పైన సుబ్బరావమ్మ క్యారేజీ పక్కన పెట్టి, వెనక్కి తిరిగి, అలవాటుగా చెయ్యి చాపింది.

"ఇంకా చెయ్యెందుకు పెద్దమ్మా, మెట్లున్నాయిగా" అంది లక్ష్మీదుర్గ.

"మెట్లు మాబయ్యవి. చెయ్యి నాది. పట్టుకో."

గొంతు తిరిగొచ్చింది. మిల్లు దాకా వినపడింది. లక్ష్మీదుర్గ నవ్వి చెయ్యి పట్టుకుంది. తర్వాత ఒక్కొక్కరూ మెట్లెక్కారు, అవసరం లేకపోయినా అందరూ చెయ్యి అందుకున్నారు. ముఠాలో షాజాదీ వంతు వచ్చేసరికి సుబ్బరావమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

"నీకు ఒళ్లు కాలిపోతంది. దిగి ఇంటికి పో."

"ఏం లేదు మేస్త్రమ్మా, ఎండకి తగ్గిపోద్ది."

"మిరప చేలో జ్వరం తగ్గిద్దా? పో. రేపు రా."

షాజాదీ గొణుక్కుంటూ దిగింది. ముందుకి తిరిగి కాదు, ఎక్కినప్పటిలాగే ట్రక్కు వైపు మొహం పెట్టి, వెనక్కి. చివరి మెట్టు దగ్గర ఆమె మోచేతికి కడ్డీ అందలేదు, గాల్లో వెతుక్కుంది. అది మాబు సాహెబ్ ఒక్కడే చూశాడు. ట్రాక్టరు స్టార్టయింది. సుబ్బరావమ్మ పైనుంచి ఏదో అరిచింది, మెచ్చుకోలో తిట్టో ఇంజను హోరులో వినపడలేదు. ఆయన అప్పటికే సుద్దముక్క తీసి కడ్డీ చివర ఒక గీత గీస్తున్నాడు.

"ఒరేయ్, సాయంత్రం ట్రక్కు షెడ్డుకి తోలుకురా" అన్నాడు రామాంజనేయులుతో. "దిగేవాళ్లకి కడ్డీ జానెడు చాలట్లా."