మంత్రసాని చేట

మా పెద్ద మనవరాలిని ఈ చేతులతోనే భూమ్మీదికి దించానని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. ఒకసారి రెండుసార్లు కాదు, పాతికేళ్లుగా. రచ్చకట్ట మీద చెప్పాను, కదిరి బస్సులో పక్క సీటువాడికి చెప్పాను. ఆ పిల్లను చూసుకోను వచ్చిన పెళ్లివాళ్లకు కూడా చెప్పబోతే మా ఆవిడ మజ్జిగ గ్లాసు నా నోటికి అడ్డం పెట్టింది. చెప్పినప్పుడల్లా కాస్త పెంచాను. మొదట్లో వేడినీళ్లు అందించానన్నాను. తర్వాత బొడ్డు నేనే కోశానన్నాను. పోయినేటికి బిడ్డ కడుపులో అడ్డం తిరిగి ఉంటే నేనే సర్దినట్టు అయింది.

నిజమేమిటంటే ఆ రోజు నేను గది గడప కూడా దాటలేదు. గది ముందరి పడసాలలో ఉన్నాను. నాకూ మా కూతురికీ మధ్య తలుపు, తలుపుకు వేలాడదీసిన పాత దుప్పటి.

తొంభైల చివర్లో ఒక జూన్ నెల. ముందురోజు సాయంత్రం తొలివాన పడింది. మా నల్లమాడ వైపు నేలల్లో విత్తే పదును, అంటే విత్తనానికి తగిన తడి, రెండు రోజులు నిలిస్తే గొప్ప. మూడో రోజుకు గాలి తాగేస్తుంది. ఎద్దులు, విత్తే గొర్రు సిద్ధం. వేరుశనగ విత్తనాలే సగం ఒలిచి ఉన్నాయి. మిషన్లో వేస్తే పప్పు చీలుతుంది, చీలిన పప్పు మొలవదు. అందుకని విత్తనానికి చేత్తోనే ఒలవాలి. సరిగ్గా ఆ తెల్లవారే, తొలి కాన్పుకు వచ్చి ఉన్న మా అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి.

మంత్రసాని వచ్చింది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దది, నేను అక్కా అనేవాణ్ణి. వస్తూనే మా ఆవిణ్ణి చేటెడు వేరుశనక్కాయలు అడిగి, గదిలో గోడకానుకుని కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. అమ్మాయి నడుస్తానంటే నడవమంది, గొంతు కూర్చుంటానంటే కూర్చోమంది. మధ్యమధ్య పొట్టకు చెవి ఆనించి వినేది, మళ్లీ కాయలు అందుకునేది. చూపు మాత్రం అమ్మాయి మీదనుంచి తీయలేదు. కదిరి ఆసుపత్రికి జీపు మాట్లాడి వాకిట్లో పెట్టించింది. తను ఎక్కించమన్నప్పుడు ఎక్కించాలి, అంతవరకూ ఎవరూ ఆ పిల్ల జోలికి రాకూడదు. అదీ ఆమె పద్ధతి.

నాకు ఆ పద్ధతి నచ్చలేదు. వాకిట్లోకి వెళ్తాను, ఆకాశం చూస్తాను, మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపి చూస్తాను, మళ్లీ పడసాలలోకి వస్తాను. అవతలి చేలల్లో అందరూ గొర్రు తోలుతున్నారు. గదిలోంచి అమ్మాయి మూలుగు, ఆ మూలుగు ఆగితే కాయలు చిట్లుతున్న టప్ టప్. పదిగంటలప్పటికి ఓపిక పట్టలేక దుప్పటి ఇవతల నిలబడి అడిగాను.

"ఏమక్కా, ఏదో ఒకటి చేయరాదా?"

"చేసేది ఆ పిల్ల చేస్తాండాది కదప్పా. నేనేం చేయాల?"

ఇక్కడ నేను చెప్పుకునే కథలో పక్క ఊరి సూదుల డాక్టరు తనంతట తానే ఊడిపడతాడు. నేను ఎద్దుల ములుకోల తీసుకుని అతన్ని వాకిలి దాకా తరుముతాను. వినేవాళ్లకు ఈ ఘట్టం బాగా నచ్చుతుంది.

అతన్ని పిలుచుకొచ్చింది నేనే. పక్క ఊరికి సైకిలు తొక్కి, అతని సంచీ నా భుజాన వేసుకుని తెచ్చాను. అతను మోపెడ్ మీద నా వెనకాలే వచ్చాడు. నొప్పులు ఎక్కువ కావడానికి ఒక సూది ఉంటుందనీ, అది వేస్తే అరగంటలో పని తెమిలిపోతుందనీ ఎవరో అంటే విన్నాను. అరగంటలో అయితే మధ్యాహ్నానికి గొర్రు పట్టొచ్చు. అమ్మాయి బాధ చూడలేక పిలిచానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అదీ కొంత నిజమే. ఎక్కువ నిజం పదునుది.

డాక్టరు సంచీ విప్పుతుండగా మా ఆవిడ గదిలోంచి వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడింది. అరవలేదు. నా మొహం చూసి ఒక్క మాటే అంది.

"మల్లా ఒకసారా?"

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. ఎందుకో చెప్పాలి. ఇది నేను ఏ రచ్చకట్ట మీదా చెప్పలేదు.

దానికి ముప్పై ఏళ్ల ముందు మా ఆవిడ తొలి కాన్పు కూడా ఇలాగే పదును మీద వచ్చింది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ముసలి మంత్రసాని ఇంకా సమయముందంటే, పదును పోతాంది, వొత్తి కానీయండి అని గడప దగ్గర నిలబడి గద్దించాను. ముసలామె కోడలు రెండు చేతులతో పొట్ట మీద వొత్తింది. మగబిడ్డ. ఏడవలేదు. వొత్తడం వల్లే పోయాడో, ఎట్లయినా పోయేవాడో నాకు తెలియదు. మరుసటి రోజు నేను విత్తనం వేశాను. ఆ యేడు పంట బాగా వచ్చింది.

ఆ కోడలే ఇప్పుడు గదిలో కాయలు ఒలుస్తున్న మంత్రసాని.

ఆమె చేట పట్టుకునే బయటికి వచ్చింది. డాక్టరు చేతిలో సూది చూసింది, నన్ను చూసింది. గొంతు పెంచకుండా అంది:

"ఆ పొద్దు నువ్వు చెప్పినావని వొత్తినా. నా చేతులకు అది ఇంగా గుర్తుండాది. అప్పట్నుంచి కాన్పుకు యాడికి పోయినా చేతికి ఏదో ఒక పని ఇచ్చుకుంటాండా. ఊరికే ఉంటే పక్కనోళ్ల మాట వింటాయవి."

చేటను నాకూ డాక్టరుకూ మధ్య పెట్టింది. "కూచ్చోండి. వొలవండి ఇద్దరూ." లోపలికి పోయి ఇంకో చేట నింపుకుంది.

డాక్టరు కుర్రవాడే. సూది సంచీలో పెట్టేసి బుద్ధిగా కూర్చున్నాడు. ఒలిచినవాటికంటే తిన్నవే ఎక్కువ. నేను ఒలుస్తున్నాను గానీ చెవులు గదిలో ఉన్నాయి. ఆమె కాయల చప్పుడు వినిపిస్తున్నంతసేపు అంతా సవ్యంగా ఉన్నట్టు. చప్పుడు కాస్త నెమ్మదిస్తే నా వేళ్ల కింద పప్పు చీలిపోయేది. దారిన పోతున్నవాడెవడో, ఏమన్నా, ఈ పొద్దు విత్తనం లేదా అని కేకేశాడు. నేను ఇంకో గుప్పెడు కాయలు తీసుకున్నాను. పొద్దు నడినెత్తి దాటింది.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. చెంబులో నీళ్లు, సబ్బు. మోచేతుల దాకా తోముకుంటున్నట్టు వినిపించింది. నేను లేచాను. డాక్టరు నా చొక్కా కొస పట్టి లాగి కూర్చోబెట్టాడు. అతను ఆ రోజు చేసిన వైద్యం అదొక్కటే, దానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. అమ్మాయి ఒకసారి గట్టిగా అరిచింది. తర్వాత ఏమీ వినపడలేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. ముప్పై ఏళ్ల కిందట విన్నాను.

అప్పుడు బిడ్డ ఏడ్చింది.

బిడ్డ మెడకు బొడ్డుపేగు ఒక చుట్టు ఉండిందట. మంత్రసాని ఒక వేలితో దాన్ని తల మీదుగా తప్పించిందట. అది కాక, తల కింద చేయి ఆనించి ఉంచడం తప్ప ఇంకేమీ చేయలేదని మా అమ్మాయి తర్వాత చెప్పింది.

మంత్రసాని పోతూ పోతూ నేను ఒలిచిన కుప్పలో వేలు పెట్టి కెలికింది. సగానికి సగం చీలికలు. "ఊరుబిండి నూరుకోండి," అంది. రాత్రికి సంగటిలోకి ఆ పచ్చడే అయింది.

కూతురి కోసం విత్తనం మానుకున్నానని కూడా చెప్పుకుంటాను. మానుకోలేదు. కాడి కట్టిన ఎద్దులను విప్పడమే మరిచిపోయాను. పాపం, సాయంత్రం దాకా అట్లాగే నిలబడి ఉన్నాయి. పదును పోయింది. ఆ యేడు సగం చేనే విత్తాను.

ఇంకొకటి. బిడ్డను మొదట ఎత్తుకున్నది నేనేనంటాను. నేను నాలుగోవాణ్ణి. మంత్రసాని, మా ఆవిడ, చివరికి ఆ సూదుల డాక్టరు కూడా నాకంటే ముందే ఎత్తుకున్నాడు. నేను దుప్పటి దగ్గరే నిలబడి ఉంటే, మా ఆవిడ చాలాసేపు చూసి, "చేతులు కడుక్కోని రాపో," అంది. మంత్రసానిలాగే మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కున్నాను. మా ఆవిడ బిడ్డను నా చేతుల్లో పెట్టింది.

"ఊరికే పట్టుకో. ఇంగేం చేయొద్దు."

పట్టుకున్నాను. ఒక గంటసేపు అట్లాగే, రెప్ప వేయకుండా. మా ఆవిడ మాత్రం రెండు నిమిషాలే అంటుంది.