హజ్రా బీ విన్న కూత

1988 వేసవిలో నరసరావుపేట స్టేషను రోడ్డులోని మా టైపు ఇన్‌స్టిట్యూట్‌కు మద్రాసు నుంచి ఒక కంప్యూటరు వచ్చింది. కొత్తది కాదు. ఏదో ఆఫీసువాళ్ళు వాడి పక్కన పడేసినదాన్ని విప్పి, తుడిచి, పాడైన భాగాలు మార్చి అమ్మిన మిషను. ఇన్‌స్టిట్యూట్ ప్రేమకుమారి గారిది. నేను అక్కడ షార్ట్‌హ్యాండ్ చెప్పేవాణ్ణి. ఊళ్ళో కంప్యూటరును కళ్ళతో చూసినవాళ్ళే తక్కువ కాబట్టి, నేర్పుతామని బోర్డు పెట్టిన వారానికే పద్దెనిమిది మంది ఆడపిల్లలు చేరారు.

క్లాసులు లేని వేళల్లో ప్రేమకుమారి గారు హైస్కూలు పాత అడ్మిషను రిజిస్టర్లను అందులోకి ఎక్కించేవారు. చెదలు సగం తిన్న పుస్తకాలవి. ఎక్కడెక్కడి పల్లెల్లోనో ఉన్నవాళ్ళకు పుట్టిన తేదీకి అవే ఆధారం. ఆవిడ ఎవరూ అడక్కుండానే ఆ పని నెత్తిన వేసుకున్నారు.

శ్రావణంలో ఒకరోజు పొద్దున్నే మిషను కూయడం మొదలుపెట్టింది. నూనె లేని గిలక మీద చేంతాడు లాగితే వచ్చే కీచుకూత అది. కాసేపు ఆగేది, మళ్ళీ అందుకునేది. పిల్లలు చెవులు మూసుకుని కూర్చునేవారు. ఉత్తరం రాస్తే మద్రాసు నుంచి ఇంజనీరు వచ్చి ఐదు నిమిషాలు విన్నాడు.

"హార్డ్‌డిస్కు పోతోందండీ. మీరు ఎక్కించిందంతా దాంట్లోనే ఉంటుంది. ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేను. కొత్తది రావాలంటే నాలుగు నెలలు" అని చెప్పి సాయంత్రం రైలెక్కాడు.

ప్రేమకుమారి గారు ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు పక్క కొట్టు హజ్రా బీ గడపలో నిలబడి, "టీచరమ్మా, ఏంది ఆ కూత? ఇన్ని రోజుల నుంచీ వింటన్నా. నన్నొకసారి చూడనీ" అంది.

హజ్రా బీ గురించి చెప్పాలి. ఆమె భర్త జహంగీర్ పదిహేనేళ్ళు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేశాడు. ఆ హోరులో రెండు చెవులూ పోయాయి. మిల్లు మానేసి మా పక్కన వైండింగ్ షాపు పెట్టాడు. ఫ్యాన్లు, పొలం మోటార్లు విప్పి తీగ చుట్టడంలో ఆయన చేతికి తిరుగు లేదు. కానీ బిగించాక మోటారు ఎలా తిరుగుతోందో ఆయనకు వినపడదు. అందుకని మొదట్లో హజ్రా బీ తెర వెనక కూర్చుని విని, వేళ్ళతో సైగ చేసేది. ఒక వేలు చూపిస్తే ఇరుసు తిరిగే బుష్ అరిగిందని, రెండు చూపిస్తే బేరింగని. కొన్నేళ్ళకు తెర వెనక్కీ ముందుకూ తిరగడం విసుగై, ఆ గోనె తెర తీసి కింద పట్టాగా పరిచింది. చుట్టాలు నాలుగు మాటలన్నారు. ఆమె పట్టించుకోలేదు. నేను చూసేనాటికి గురజాల నుంచి కూడా మోటార్లు బస్సు మీద వేసుకుని వచ్చేవారు. ఆమె స్క్రూడ్రైవరు మొనను మోటారు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఆ తర్వాత చెప్పిన మాట తప్పింది తక్కువ.

మా మిషను దగ్గర మాత్రం మొదటిరోజు తప్పింది. మూత తీయించి, వెనకనున్న చిన్న ఫ్యాను మీద చెవి పెట్టి, "బుష్ ఎండింది" అంది. ఫ్యాను విప్పి రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసింది. చప్పుడు కొంత తగ్గింది. మేమంతా సంబరపడ్డాం. మూడోరోజుకి కూత మళ్ళీ వచ్చింది.

మేము పిలవకముందే ఆమే వచ్చింది. "తప్పు నాదేనమ్మా. ఫ్యానుకీ రోగముంది, నిజమే. కానీ కూసేది అది గాదు. రెండు చప్పుళ్ళు కలిసి ఉంటే పెద్దదాన్ని ఇడిసి దొరికినదాన్ని పట్టుకున్నా" అంది. ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకున్న మెకానిక్కును నేను అంతకుముందు చూడలేదు.

ఈసారి ఆమె దేన్నీ ముట్టుకోలేదు. స్టూలు వేసుకుని గంటసేపు వింటూ కూర్చుంది. తర్వాత "ఆపు" అంది. ప్రేమకుమారి గారు స్విచ్చి ఆపారు. ఫ్యాను నిలబడిపోయింది. కూత మాత్రం ఇంకా వస్తూనే ఉంది, సన్నగా, కిందికి దిగుతూ, దిగుతూ ఆగింది.

"విన్నారా మాస్టారూ? ఫ్యాను ఆగినాక కూసిందెవరు? తిరిగేది ఇంకోటి ఉంది."

నేను డిస్కు పెట్టెను చూపించాను. "అయితే ఇంజనీరు చెప్పిందే కదా హజ్రక్కా" అన్నారు ప్రేమకుమారి గారు నీరసంగా.

హజ్రా బీ స్క్రూడ్రైవరు తీసుకుని, మిషను మళ్ళీ వేయించి, పెట్టె నాలుగు పక్కలా పిడి చెవికి ఆనించి విన్నది. పైన తక్కువ. అడుగున ఎక్కువ. "లోపల ఏం ఉందో నాకు తెలవదు. కానీ లోపలిదైతే పెట్టంతా మోగిద్ది. ఇది అడుగునే ఒక్కచోట కూస్తంది. బయట ఏదో రాసుకుంటంది" అని, విప్పబోతున్న నా చేయి పట్టుకుని ఆపింది. "ఆగండి. ఇల్లు కప్పు ఇప్పే ముందు సామాను బయటెడతాం గదా. ముందు దాంట్లో ఉన్నది ఇవతలికి తీసుకోండి. ఇంకోటి, చచ్చిపోయిన డిస్కు ఒకటి తెప్పించండి. బతికున్నదాని మీద నేర్చుకోగూడదు."

ప్రేమకుమారి గారు రెండు రోజులు ఆ కూత మధ్యనే కూర్చుని రిజిస్టర్లన్నీ ఫ్లాపీల్లోకి ఎత్తారు. నేను మద్రాసుకు ఉత్తరం రాశాను. ఇంజనీరు నవ్వుకునే ఉంటాడు, కానీ పాడైన డిస్కొకటి పార్సిలులో పంపాడు.

దాన్ని భార్యాభర్తలిద్దరూ గోనెపట్టా మీద పెట్టుకుని పూర్తిగా విప్పారు. లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు. హజ్రా బీ వాటిలో తన ముఖం చూసుకుని, "ఇంత నునుపుదాన్ని మనం ముట్టగూడదు" అని పక్కన పెట్టింది. ఆమెకు కావలసింది అడుగున దొరికింది. పళ్ళేలు తిరిగే ఇరుసు కొన మీద ఆనించి ఉన్న చిన్న రాగి రేకు. అది ఎందుకుందో నాకూ తెలియదు. జహంగీర్‌కు తెలిసింది. కరెంటు నిలవుండిపోకుండా దిగిపోవడానికని చేతులతో చూపించాడు. అంటే తీసి పారేయకూడదు. కానీ రేకు అరిగి అదిరితే కూస్తుంది. ఆ రేకును ఎంత వంచితే ఎంత వస్తుందో, ఆమె ఆ చచ్చిన డిస్కు మీద ముప్పైసార్లు చేసి చూసుకుంది.

ఆదివారం చర్చి నుంచి ప్రేమకుమారి గారు వచ్చాక పని మొదలైంది. డిస్కు ఊడదీసి తలకిందులు చేశారు. హజ్రా బీ రేకు కొనను శుభ్రంగా తుడిచి, వీపున సైకిలు ట్యూబు నుంచి కత్తిరించిన గోరంత రబ్బరు ముక్కను అంటించింది, అదురు పట్టుకోవడానికి. ఇరుసు మీద రేకు మళ్ళీ ఆనిందో లేదో రెండుసార్లు చూసింది. బిగించి స్విచ్చి వేశారు.

గదిలో ఫ్యాను గాలి తప్ప ఏమీ వినపడలేదు. జహంగీర్ మా ముఖాలు చూసి, అరచేతిని పెట్టె మీద పెట్టి కాసేపు ఉంచి తల ఊపాడు. ప్రేమకుమారి గారు హజ్రా బీని గట్టిగా కావలించుకున్నారు. ఆమె సిగ్గుపడి, "చీర నూనె అయిద్ది టీచరమ్మా" అంది.

దసరా తర్వాత ఇంజనీరు వచ్చాడు. మిషను వేసి విన్నాడు, ఆపి విన్నాడు. ఆ తర్వాత పక్క కొట్టుకు వెళ్ళి గోనెపట్టా మీద కూర్చుని, "ఎట్లా చేశారో మొదటి నుంచీ చెప్పండమ్మా" అని నోటుబుక్కు తీశాడు. తన మాట తప్పని ఒప్పుకునే గుణం అతనిలోనూ ఉన్నందుకు సంతోషించాను. ఆ ఏడాదిలోనే మాచర్ల నుంచి ఒకాయన, గుంటూరు నుంచి ఇద్దరు తమ డిస్కులు పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. ఇద్దరివి బాగుచేసింది. మూడోదానికి చెవి పెట్టి, "ఇది లోపలిది. నా చేతిలో లేదు. ఉన్నది ఇయ్యాలే రాసుకోండి" అని తిప్పి పంపేసింది. అతను ఎంత బతిమాలినా ముట్టుకోలేదు.

89లో కొత్త బ్యాచి చేరినప్పుడు ప్రేమకుమారి గారు ఆమెను క్లాసుకు పిలిచారు. చదువు రానిదాన్ని అక్కడేం చెప్తానని మొండికేసింది. చివరికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి పిల్లలతో ఇంతే చెప్పింది:

"బాగున్న రోజున దీని చప్పుడు ఇనండమ్మా. బాగోలేని రోజున ఏది తేడానో అప్పుడే తెలిసిద్ది. చానామంది రోగమొచ్చినాకే ఇంటారు."

ప్రేమకుమారి గారు మిషను స్విచ్చి వేశారు. పిల్లలందరూ కళ్ళు మూసుకున్నారు. హజ్రా బీ కూడా ఒక నిమిషం విని, కొట్టులో మోటారుతో బొల్లాపల్లి రైతు కాచుకుని ఉన్నాడంటూ గబగబా వెళ్ళిపోయింది.