ఆగలేని కాళ్ళు

కడపకు బదిలీ అయి వచ్చాక ఆరు నెలల పాటు నేను కుదురుగా కూర్చున్న పూట లేదు. మా ఆయన కోయిలకుంట్లలో ఎరువుల అంగడి విడిచి రానన్నాడు. కూతురు హాస్టల్లో ఉంది. ఆఫీసు నుంచి రావడం, మేడ మీది రెండు గదుల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరగడం, ఇదే నా పని. ఒకరోజు కింద ఇంట్లో బట్టలు కుట్టే ఆమె మెట్లెక్కి వచ్చింది.

"అక్కా, నీ అడుగుల చప్పుడుకు మా అత్తకు నిద్దర పట్టల్యా. ఆ తిరిగేదేదో గ్రౌండులో తిరగరాదా? మేము ఆరుమందిమి పొద్దున్నే పరిగెత్తను పోతాండాం. నువ్వూ రా," అంది.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. మరుసటి రోజు పోయాను.

కాలేజీ గ్రౌండులో అందరికంటే ముందు పరిగెత్తుతున్నది రిటైరైన నర్సమ్మ. మోకాళ్ళ నొప్పులు, చీర కుచ్చిళ్ళు పైకి దోపి కింద బూట్లు. అది పరుగో నడకో చెప్పడం కష్టం. కానీ ఆ గుంపు కట్టుబాటే అది. అందరికంటే నెమ్మదైన మనిషి ముందుండాలి, ఆమెను ఎవరూ దాటకూడదు. ఇంకోటి కూడా ఉంది. చీకటితో బయల్దేరిన ఆడవాళ్ళం కాబట్టి, అందరూ గేటు దగ్గరికి చేరేదాకా ఒక్కరు కూడా ఇంటికి పోకూడదు.

కింద ఇంటామె తెల్లవారుజామున చేసే ఫజర్ నమాజు ముగించుకొని వచ్చి నా పక్కనే పరిగెత్తేది. నోరు మూతపడదు. ఎవరి జాకెట్టు బిగుతైందో, ఏ ఇంట్లో పెండ్లి కుదిరిందో అన్నీ చెప్పేది. నేను విసుక్కుంటే, "నీ ఆఫీసరమ్మతనం ఈడ పనికిరాదక్కా," అని ఎగతాళి చేసేది. జ్వరమొచ్చి రెండు రోజులు నేను పోకపోతే ఆరుగురూ గంజి గిన్నెతో నా గదిలో దిగారు. నాకంటూ ఈ ఊళ్ళో మనుషులున్నారని ఆ రోజే అనిపించింది.

అయినా నా కాళ్ళకు బుద్ధి లేదు. నర్సమ్మ వెనక అంత నెమ్మదిగా పోతుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఒకరోజు, ముందు రోజు ఆఫీసులో తిన్న తిట్లు ఇంకా మండుతుంటే, ఇక ఓర్చుకోలేక ఆమెను దాటేశాను. "యాడికే?" అని వెనక నుంచి కేక వినబడినా ఆగలేదు. గేటు దాటి బైపాసు ఎక్కాను.

ఒక ఆటో వచ్చి పక్కన ఆగింది. "ఏమైందక్కా? ఎవురికేమైంది? ఎక్కు, ఆస్పత్రికి పోదాం!" మా సీమలో ఆడమనిషి రోడ్డు మీద పరిగెత్తిందంటే కొంప మునిగిందనే అర్థం. "ఏం కాలేదు, పోప్పా!" అని అరిచి ఇంకా దూరం పోయాను.

తిరిగొచ్చేసరికి ఏడు దాటింది. ఆరుగురూ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఎవరూ తిట్టలేదు. "వచ్చిందిలే, పదండి," అంది నర్సమ్మ. కింద ఇంటామె మాత్రం నా మొహం చూడకుండా ఇంటి దారి పట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది, అది కొళాయి వచ్చే రోజు. మా వీధికి రోజు విడిచి రోజు, ఆరున్నరకు, అరగంట నీళ్ళొస్తాయి. ఆ ఇంట్లో బిందెలు పట్టేది ఆమె ఒక్కతే. పోవాలనుకుంటే ఆమె పోయుండొచ్చు. నాకోసం నిలబడింది. వాళ్ళింట్లో చుక్క నీళ్ళు లేవు. నేను మొన్న పట్టి పెట్టుకున్న రెండు బిందెల నీళ్ళు కిందికి దించాను. అత్త నీళ్ళు తీసుకుంది గానీ, ఇకమీదట కోడలికి పరుగు లేదని తేల్చి చెప్పింది.

నాలుగు రోజులు నా పక్కన ఎవరూ లేరు. ఆ నిశ్శబ్దంలో పరిగెత్తడం నావల్ల కాలేదు. "చేసింది నువ్వు. పోయి అడుగు," అంది నర్సమ్మ.

పోయాను. అత్త మంచం మీద వెల్లుల్లి ఒలుస్తోంది. కోడలు మిషను తొక్కుతోంది.

"తప్పు నాదమ్మా. ఆమెను ఆపొద్దు. ఇంక ఆలస్యం కానీయను," అన్నాను.

"నీళ్ళ మాట పోనీ. పిల్లల్ని కన్న ఆడదానికి పరిగెత్తేంత పనేముండాది? నువ్వు చెప్పు, నువ్వెందుకు పరిగెత్తుతాండావు?"

షుగరనో బీపీ అనో చెప్పొచ్చు. అబద్ధం నోటికి రాలేదు.

"కూర్చుంటే ఊపిరాడదమ్మా. గోడలు మీదికొచ్చినట్టుంటాది. పరిగెత్తకపోతే నాకు పిచ్చి లేస్తాది," అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"యా అల్లా," అంది ముసలామె. కాసేపు నన్ను చూసి కోడలి వైపు తిరిగింది. "నీకూ ఇట్లే ఉంటాదా?"

మిషను ఆగింది. ఆమె తలెత్తలేదు.

"ఉంటాది అత్తా. పెండ్లయిన కాన్నుంచి."

అత్త వెల్లుల్లి పక్కన పెట్టింది. మూలుగుతూ మంచం కిందికి వంగి, గోనెసంచి వెనక తాను దాచిన కోడలి బూట్లు లాగి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది.

"నీ యీడులో నాకూ అట్లే ఉన్నింది," అంది. "ఎవురూ అడగల్యా."